సువార్తమ్మకు వచ్చిన ఆమెన్లు

ఆమెన్ అని టైపు చేసిన మీ వేళ్లు ఎప్పుడైనా ఒక రోగి తలగడ సర్దాయా?

పక్షవాతంతో మంచాన పడిన సువార్తమ్మ కోసం ప్రార్థించమని మీ పాస్టరుగా నిన్న ఇక్కడే, మన సంఘం పేజీలో రాశాను. ఈ రోజు నెల్లిమర్ల జూట్ మిల్లు వెనక వీధిలో ఆమె ఇంటికి వెళ్లి, మీ ఆమెన్లన్నీ చదివి వినిపించాను.

"ఈళ్లంతా ఏ దేశపోల్లు, అయ్యగోరూ?"

"మన సంఘంవాళ్లేనమ్మా."

"మరి నా గుమ్మం తొక్కినోల్లు ఒక్కరూ నేరేటి?"

బైబిల్లో బాబెలు గోపురం ఇటుకలు చాలక ఆగలేదు, ఒకరి మాట ఒకరికి అందక ఆగింది. లోకమంతా ఎక్కి కూర్చున్న ఈ సైటూ ఒకనాడు అలాగే పాడుబడుతుంది. కాదంటారా? జవాబు ఇక్కడ రాయకండి. ఆమె మంచం పక్కనే ఉన్నాను, తలుపు తీసే ఉంది. గంజి పట్టుకుని ఇప్పుడే బయల్దేరండి!