వానకు బర్రె ఏం చేసింది?

ఈ రోజు మా ఉప్పుగూడ పాలాయన యాదగిరన్న కొత్త బర్రెను అమ్మేస్తానన్నాడు. అది వచ్చిన వారానికే కుండపోత వానకు కొట్టం మునిగింది. బర్రె అచ్చిరాలేదని వాళ్లమ్మ పట్టు.

సైన్సు టీచర్ని కదా, ఊరుకోలేకపోయాను. భూమి వేడెక్కితే గాలిలో తేమ పెరిగి పెద్ద వానలు ఎక్కువవుతాయని, శాస్త్రవేత్తలు దానికి ఆధారాలు చూపించారని చెప్పాను.

"మొన్నటి వాన గా వేడితోనే వచ్చిందా సార్?"

"ఆ ఒక్కదాని గురించి ఖాయంగా చెప్పలేనన్నా. గిసొంటివి ఎక్కువైనయన్నది మాత్రం పక్కా."

"సమజైంది. దాణా పెంచితే పాలు పెరుగుతయ్. అండ్ల ఏ గిలాస పాలు దాణాతోని వచ్చినయో ఎవలు చెప్తరు?"

ఇన్నేళ్లలో నేను పిల్లలకు ఇంత తేలిగ్గా చెప్పలేదు.

పక్కనే అంతా విన్న వాళ్లమ్మ బర్రె మెడ నిమిరి, "ఉత్తగనే తిడ్తిమి బిడ్డా, దిష్టి తియ్యాలె" అంది.

మీ ఇంట్లో వాన నింద ఎవరి మీద పడుతుంది?