యాప్‌లో దాచిన పాట

మా ఊరు సత్తెనపల్లి దగ్గర. నేను బడిలో పంతులమ్మని. ఆదివారం మా చర్చిలో తెర మీద పాటలు వేసేది కూడా నేనే. ఆ పాటల యాప్‌ని మేము కోతల పండుగ డబ్బుతో కొన్నాం. ఆ పండుగకి ఎవరి చేలో పండిన తొలి పంట వాళ్లు తెచ్చి పెడతారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఆ ఏడు ఒక్క గుమ్మడికాయ కోసం మిరపకోతలకెళ్లే ఆడవాళ్లు పంతాలకు పోయి పాడుకున్నారు. ఒకసారి కడితే జీవితాంతం మళ్లీ రూపాయి అడగమండి అని కంపెనీవాళ్లు ఫోన్లో చెప్పారు. దేవుడి సొమ్ముతో కొన్నది ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం. పాత పాటల పుస్తకాలన్నీ కట్టగట్టి పర్చూరు వైపు కొత్తగా లేచిన చర్చికి ఇచ్చేశాం కూడా.

యాప్ మా సంఘ పెద్ద ఫోన్ నంబరు మీద తీసుకున్నాం. మాలో ఏం కొన్నా పెద్దాయన పేరు మీదే కొంటారు, అదొక మర్యాద. ఆయన మిరపకోతల కూలీలకు మేస్త్రి. చుట్టం కాకపోయినా నాకు పెదనాన్నే. చదువు రాదు గానీ పాటలు కట్టేవాడు. కాయలు కోస్తూ కట్టిన పాట ఒకటుంది, మూడు చరణాలు. వాకిట్లో కూర్చుని ఆయన పాడుతుంటే నేను విని యాప్‌లోకి ఎక్కించాను.

"అమ్మాయ్, నన్ను సాగనంపేటప్పుడు ఇదే పాడండి. ఒక్క చరణం ఎగ్గొట్టారంటే లేచి కూర్చుంటా" అన్నాడు.

"కాగితం మీద కూడా రాసి ఉంచమ్మా" అంది ఆయన భార్య, మా పెద్దమ్మ.

"కాగితానికి చెదలు పడతాయి పెద్దమ్మా. ఇది జీవితాంతం ఉంటుంది" అన్నాను. కంపెనీ మాట నా నోటితో చెప్పాను.

మొన్న ఎండాకాలం కల్లంలో మిరపకాయలు ఎండబోస్తూ పెదనాన్న అక్కడికక్కడే కూలిపోయాడు. మర్నాడు చర్చిలో శవపెట్టె ముందు అందరం కూర్చున్నాం. పాస్టరుగారు నా వైపు చూసి తల ఊపారు. నేను పెదనాన్న పాట నొక్కాను. పాట రాలేదు. 'మీ జీవితకాల ప్లాన్ నిలిపివేయబడింది. నెలవారీ ప్లాన్ ఎంచుకోండి' అని వచ్చింది. శవం పక్కన, అంతేసి అక్షరాలతో.

బయటికొచ్చి కంపెనీకి ఫోన్ చేశాను.

"పాలసీ మారిందండి. మెయిల్ పంపాం కదండి" అంది అవతలి అమ్మాయి.

మెయిల్ ఎవరు చదువుతారు, పెట్టెలో పడుకున్నాయనా? నాకు ఒళ్లు మండిపోయింది. "జీవితాంతం అని మీరేగా చెప్పింది?" అన్నాను.

"అది అప్పటి ఆఫరండి. ఇప్పుడు నెలవారీ తీసుకుంటే వెంటనే తెరుచుకుంటుందండి."

పోట్లాడే సమయమా అది. కట్టడానికే సిద్ధపడి లోపలికొచ్చాను. ఓటీపీ పెదనాన్న ఫోనుకి వెళ్లింది. ఆ ఫోను పెద్దమ్మ ఒళ్లో ఉంది. అది మోగగానే ఆమె ఉలిక్కిపడి పెట్టె వంక చూసింది.

"ఆయన్నెవరు పిలుస్తున్నారే?" అంది.

"పాట కోసం పెద్దమ్మా. అందులో అంకెలు వచ్చాయి, చెప్పు" అన్నాను. ఆ మాట ఎలా అనగలిగానో నాకే తెలియదు. ఆమె ఏడుస్తూనే ఒక్కో అంకె చదివింది.

కట్టాను. తెరుచుకుంది. 'స్వాగతం. మీ మొదటి పాటను చేర్చండి' అని ఉంది. కింద ఏమీ లేదు. మళ్లీ ఫోన్ చేస్తే పాత ఖాతాల్లోవన్నీ తీసేశామండి, అదీ మెయిల్లోనే ఉందండి అంది ఆ అమ్మాయి. దేవుడి సొమ్ము తిని, మనిషి పాట తుడిచేసి, ఎంత నిమ్మళంగా చెప్పిందో.

ఇక నోటికి వచ్చినంతవరకు పాడాం. మొదటి చరణం అందరికీ వచ్చింది. రెండోది ఆడవాళ్లు తడుముకుంటూ లాక్కొచ్చారు. మూడోది ఎవ్వరికీ రాలేదు. ఏళ్ల తరబడి తెర చూసి పాడినవాళ్లం కదా. అందరూ నా వైపు చూశారు, నాకూ రాలేదు.

పెద్దమ్మ లేచి వెళ్లి పెట్టె పక్కన నిలబడింది. ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. పాస్టరుగారు భుజం మీద చెయ్యి వేసినా కదల్లేదు.

"చరణం పోయింది కదా, లేస్తాడేమో అనుకున్నా" అంది. "ఇక మూసెయ్యండి."