జాబితాలో లేని ఇత్తడి ముక్క

2024 నవంబరు 14, గురువారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు స్టోరు పుస్తకంలో ఒక వరుస రాశాను. "ఇత్తడి ముక్క, చిన్నది, జాబితాలో లేదు, 1. డబ్బాలో వేశాను." కింద గీత గీసి సంతకం పెట్టాను. ఆ రోజు వచ్చిన పెట్టెతోపాటు ఉన్న జాబితాలో పదకొండు వస్తువులు రాసి ఉన్నాయి. నేను లెక్కపెడితే పన్నెండు వచ్చాయి. పన్నెండోది చిటికెన వేలి గోరంత ఉంది. జాబితాలో లేనిదాన్ని ఉన్నవాటితో కలిపి మెకానిక్ చేతికివ్వడం నా పద్ధతి కాదు. దాన్ని పాత బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టాను. పొరపాటు అప్పుడే జరిగింది. అది తెలియడానికి నాకు రెండున్నర నెలలు పట్టింది.

ఈ ఎడారి దేశంలో, సబ్హాన్ అనే చోట ఒక వర్క్‌షాపులో పంతొమ్మిదేళ్ళుగా స్టోరు చూస్తున్నాను. నాకిప్పుడు అరవై ఆరు. ఇసుక దిబ్బల మీద పరిగెత్తే బగ్గీలు మా దగ్గర తయారవుతాయి. చలికాలం వచ్చి కబ్ద్ ఎడారి వైపు గుడారాలు లేచాయంటే మాకు ఊపిరాడదు. ఆ ఏడు ఒక కస్టమరు మంచు మీద నడిచే బండినొకదాన్ని ఏదో చలిదేశం నుంచి మొత్తంగా తెప్పించాడు. అతనికి కావలసింది బండి కాదు, దాని ఇంజను. తేలిక, గట్టిగా లాగుతుంది. దాన్ని విప్పి బగ్గీలో బిగించి, పైన టర్బో కూడా పెట్టమన్నాడు. నవంబరు 14న వచ్చిన పెట్టె ఆ టర్బోదే. మంచు మీద జారడానికి బండి ముందుండే రెండు పొడుగాటి చెక్కల్లాంటివి మిగిలిపోతే గోడకు తగిలించాం. మావాళ్ళు వాటి మీద గుడ్డలు ఆరేసుకునేవారు.

టర్బో గురించి నాకు అర్థమైనంత చెబుతాను. ఇంజను వదిలే పొగ ఊపుకు తిరిగే చిన్న చక్రం అది. తిరుగుతూ ఇంజనులోకి గాలిని కుక్కుతుంది. కంటికి ఆననంత వేగంగా తిరిగే ఆ చక్రం ఇరుసును కాపాడేది నూనె ఒక్కటే. ఇంజను నుంచి ఒక పైపు నూనె తెచ్చి ఇరుసు మీద పోస్తుంది. అడుగున ఇంకో పైపు ఆ నూనెను మళ్ళీ ఇంజనులోకి దించుతుంది.

బగ్గీ పని చూసింది రాయచోటి మనిషి. ముప్పై ఎనిమిదేళ్ళవాడు, పదహారేళ్ళుగా పెద్ద లారీల టర్బోలు విప్పి బిగించినవాడు. భార్యకు జనవరిలో కాన్పు. మొదటి బిడ్డ పుట్టినప్పుడు ఇక్కడే ఉండిపోయాడు. డిసెంబరు 22కి సెలవు అడిగి, కఫీల్ చేత సరేననిపించుకున్నాడు. మా వీసాలకు పూచీ ఉండే ఆ కఫీలే మా వర్క్‌షాపు యజమాని.

నవంబరు 23, శనివారం, మొదటిసారి ఇంజను నడిపారు. నూనె నేనే కొలిచి ఇచ్చాను, మూడున్నర లీటర్లు. కొలత గ్లాసు కంటి ఎత్తుకు పట్టుకుని చూస్తుంటే అతను నవ్వాడు.

"ఏం మా, నూనె గూడా బంగారం తూచినట్ల తూస్తావే!"

"బంగారమైతే నీ చేతికి ఇస్తానా నాయనా?"

"ఇయ్యవులే. డబ్బాలో ఏసి మూత పెడతావు."

అతను మాటవరసకే అన్నాడు. అప్పటికి తొమ్మిది రోజులుగా అక్షరాలా అదే జరిగి ఉంది.

నలభై నిమిషాలు నడిపేసరికి వెనక గొట్టంలోంచి నీలం పొగ దట్టంగా వచ్చింది. ఆపి, నూనె దించి కొలిచాను. రెండు లీటర్ల తొమ్మిది వందల ఇరవై మిల్లీలీటర్లు. ఐదు వందల ఎనభై లేదు. ఇంజను కింద పరిచిన అట్టముక్క మీద ఒక్క చుక్క పడలేదు. టర్బోలో నూనె బయటికి పోకుండా ఆపే సీళ్ళు చెడ్డవి వచ్చాయనుకుని అతను విప్పాడు. సీళ్ళు బాగానే ఉన్నాయి. కానీ అంత సున్నితమైన వస్తువును ఒకసారి విప్పాక మళ్ళీ సరిగ్గా కూర్చడం మా దగ్గర కాలేదు.

రెండో టర్బో డిసెంబరు 12న వచ్చింది. జాబితా పదకొండు, వస్తువులు పన్నెండు. మళ్ళీ అదే ఇత్తడి ముక్క. రెండోసారైనా ఇదెందుకు వస్తోందని అడగాలి కదా. నేను అడగలేదు. దాన్నీ డబ్బాలో వేసి, మీ లెక్కలు సరిచూసుకోండి అని పంపినవాళ్ళకు ఒక ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. చూసినప్పుడల్లా చెవులు వేడెక్కుతాయి.

లారీల మీద పనిచేసినవాడికి ఉండే భయం ఒకటే, టర్బోకు నూనె చాలకపోవడం. అందుకని రెండోసారి నూనె తెచ్చే పైపును ఇంకా లావుది వేశాడు. డిసెంబరు 16న ఇరవై ఐదు నిమిషాలు నడిపితే ఎనిమిది వందల తొంభై మిల్లీలీటర్లు మాయమైంది. పొగకు పక్క షెడ్డువాళ్ళు వచ్చి చూసిపోయారు. 19న, విసిగిపోయి, ఆ పైపునే క్లాంపుతో నొక్కి నడిపాడు. పొగ రాలేదు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆరో నిమిషంలో కీచుమని అరిచి చక్రం నిలిచిపోయింది. ఇరుసు కాలి నీలంగా మారింది. ఆ రోజు తగ్గిన నూనె ముప్పై మిల్లీలీటర్లు మాత్రమే.

కఫీల్ అరవలేదు. అరిస్తే నయమనిపించింది. ఆయన మాతో సగం అరబీ, సగం హిందీ కలిపి మాట్లాడతాడు. "రెండు పోయాయి. మూడోది తెప్పిస్తాను, నా గదిలో పెట్టి తాళం వేస్తాను. ఎందుకు పోయాయో చెప్పు, అప్పుడు తాళం తీస్తాను. అంతదాకా సెలవు లేదు. మూడోది కూడా పోయిందా, ఖలాస్. ఒకవైపు టికెట్టే" అని మెకానిక్‌తో అన్నాడు.

జనవరి 9, గురువారం, ఉదయం పదకొండున్నరకు మెకానిక్ స్టోరు కిటికీ దగ్గరకొచ్చి ఫోను చూపించాడు. ఆడపిల్ల. పొత్తిగుడ్డలో ముడుచుకుని, ఎర్రగా ఉంది.

"రెండు కిలోల తొమ్మిదొందలంట మా. రాసుకో నీ పుస్తకంలో" అన్నాడు.

"రాస్తానులే" అన్నాను. నిజంగానే రాశాను. అతను ఫోనును షర్టుకు రెండుసార్లు తుడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మూడో టర్బో జనవరి 27న వచ్చింది. చెప్పినట్టే పెట్టె విప్పకుండా కఫీల్ గదిలోకి పోయింది. మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక మెకానిక్‌ను స్టోరులో కూర్చోబెట్టాను. నాకు ఇంజను తెలియదు, వరుసలు తెలుసు. మూడు వరుసలు ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి రాసి ముందు పెట్టాను. మామూలు పైపు: నిమిషానికి పద్నాలుగున్నర మిల్లీలీటర్లు పోయింది. లావు పైపు: నిమిషానికి ముప్పై ఐదుకు పైనే. నొక్కిన పైపు: నిమిషానికి ఐదు, ఇరుసు కాలింది.

చాలాసేపు చూశాడు. వేలితో మొదటి వరుస మీద కొట్టాడు.

"తక్కువై కాదు మా. ఎక్కువై! ఇది లారీ టర్బో కాదు, లోపల గోలీల బేరింగు. దీనికి అంత నూనె వద్దు. కింద పైపు దించేదానికంటే పైనుంచి వచ్చేదే ఎక్కువ. దిగలేక పొగ గొట్టంలోకి పోయి కాలతాంది. నేను దాహం అనుకుని ఇంకా పోస్తి."

"నొక్కితే కాలిపోయిందిగా?"

"నొక్కితే ఎంత పోతాందో ఎవురికి తెలుసు? కొలత ఉండల్ల. దారిలో ఒక బిరడా మాదిరి పెట్టి, నడిమధ్యన సూది దూరేంత బెజ్జం ఉంటే చాలు. లేత్ మీద నేనే చేస్తా. ఇత్తడి బోల్టు ఏమన్నా ఉండాదా నీ దగ్గర?"

ఇత్తడి కోసం బిస్కెట్ల డబ్బా మూత తీశాను. పైనే రెండు ముక్కలు ఉన్నాయి. ఒకటి తీసి వెలుతురుకు ఎత్తి పట్టాను. నడిమధ్యన సూది దూరేంత బెజ్జం. అందులోంచి కిటికీ అవతలి ఆకాశం చుక్కలా కనిపించింది.

ఒక మాట దాచకుండా రాస్తాను. అతను నా వెనక ఉన్నాడు, నా చెయ్యి అతనికి కనపడటం లేదు. ముక్కను గుప్పిట్లో పెట్టుకుని, పాత సామాన్లలో దొరికిందని ఇచ్చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అరవై దాటినదాన్ని, ప్రతి ఏడూ ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, మళ్ళీ రాసేటప్పుడు ఈవిడ ఇంకా ఎందుకు అని అడగడానికి ఎవరికైనా హక్కుంది. ఇదంతా ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందో మాత్రం నేను కొలవలేదు.

పుస్తకం తెరిచి నవంబరు 14, డిసెంబరు 12 వరుసలు చూపించి, రెండు ముక్కలూ వాటి మీద పెట్టాను.

"నాయనా, ఇవి పెట్టెల్లోనే వచ్చాయి. నేనే దాచాను."

అతను ముక్కను తిప్పి చూశాడు, వరుస చదివాడు, మళ్ళీ ముక్కను చూశాడు. నేను తిట్టు కోసం ఎదురుచూస్తున్నాను. అతని భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

"నేను లేత్ మీద రెండు దినాలు చేసుందును మా. నువ్వు టైముతో సహా రాసి పెట్టినావు!" కళ్ళు తుడుచుకుని నెమ్మదిగా అన్నాడు. "వేరేవాళ్ళయితే చెత్తలో ఏసుందురు. కఫీల్‌కి చెప్పొద్దు. నేనే చేసినానని చెప్తా. నిన్ను పంపించేస్తాడు."

నన్ను అన్నేళ్ళలో ఎవరూ అంతగా కాపాడబోలేదు. దానికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియక, "లేచి ముఖం కడుక్కో" అన్నాను.

కఫీల్ గదికి పుస్తకం నేనే తీసుకెళ్ళాను. ఆయన అంకెలు చదివాడు, ముక్కను చూశాడు.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదా, మేడం?"

"తెలిసేది కాదు."

"మరి ఎందుకు చెప్పారు?"

"మీరు అతన్ని పంపిస్తానన్నారు. తప్పు అతనిది కాదు. అతనికి రానూపోనూ టికెట్ కావాలి."

ఆయన సొరుగు తెరిచి, మడతపెట్టిన ఒక కాగితం బయటకు తీశాడు. మొదటి పెట్టెలో వచ్చింది, మాలో ఎవరికీ రాని భాషలో ఉంది, అందుకే పక్కన పడేశాడట. విప్పి చూస్తే నాలుగో బొమ్మలో మన ఇత్తడి ముక్క ఉంది, నూనె పైపు మొదట్లోకి బాణం గుర్తు ఉంది. ఆయన తాళంచెవి నా ముందుకు తోశాడు. "యల్లా, మేడం" అన్నాడు, ఇక కానివ్వండి అన్నట్టు, అంతే. ఆ రోజు ఆయన మింగేసిన మాటలకు కూడా నేను రుణపడి ఉన్నాను.

ఫిబ్రవరి 1, శనివారం, మూడో టర్బోను ఇత్తడి ముక్కతో సహా బిగించి, కబ్ద్ ఇసుకలో నడిపి చూశారు. పంతొమ్మిదేళ్ళలో నేను పని చూడటానికి బయటికి వెళ్ళింది అదొక్కసారే. నలభై నిమిషాలు దిబ్బలెక్కి దిగింది. నేను పొగ గొట్టం వైపే చూస్తూ ఉన్నాను. ఏమీ రాలేదు. కస్టమరు బండి నా ముందుకు తెచ్చి ఆపి, తాళం తిప్పబోయాడు.

"ఆపొద్దని చెప్పు మా! ఎర్రగా కాలి ఉంటాది లోపల. నూనె తిరగనీ, సల్లబడనీ" అని అరిచాడు మా మెకానిక్ దూరం నుంచి పరిగెత్తుతూ.

"రెండు నిమిషాలు" అని నేను గడియారం ఉన్న చెయ్యి పైకెత్తాను. కస్టమరు "యల్లా, యల్లా" అని విసుక్కున్నాడు. నూట ఇరవై సెకన్లూ అయ్యాకే చెయ్యి దించాను. మర్నాడు నూనె దించి కొలిస్తే మూడు లీటర్ల నాలుగు వందల ఎనభై. మిగతా ఇరవై పైపులకు అంటుకుని ఉంటుంది. దాని కోసం నేను తగాదా పెట్టుకోలేదు.

అతను ఫిబ్రవరి 6న బయలుదేరి 7న ఇల్లు చేరాడు. నలభై రోజులుండి తిరిగొచ్చాడు. ఇప్పుడు పెట్టె ఏది వచ్చినా ఇద్దరం కలిసి విప్పుతాం. పుస్తకంలో ఒక గడి పెంచాను. ప్రతి వస్తువుకూ ఎదురుగా అది ఎందుకో రాయాలి. తెలియకపోతే తెలుసుకునేదాకా మూత పెట్టకూడదు. "ఏం మా, ఈ పొద్దు ఏం దాచినావు?" అని అతను రోజూ అడుగుతాడు. ఒక్కసారి కూడా ఆ మాటలో ముల్లు లేదు. నా తప్పును ఇంత తేలిగ్గా మోసిన మనిషి పక్కన పనిచేసే భాగ్యం ఈ వయసులో దొరికింది.

పోయినవాటి లెక్క ఇది. టర్బోలు, రెండు. నూనె, లీటరున్నర. కస్టమరుకు చలికాలంలో డెబ్బై రోజులు. ఆ పిల్లను తండ్రి ఎత్తుకోకుండా గడిచినవి, ఇరవై తొమ్మిది రోజులు.