బావ మోకాలి మీద పందెం

ఆ రోజుల్లో నాచారంలో పొగగొట్టాలు లేచినంత తొందరగా ఇళ్ళు లేవలేదు. ఒక ఫ్యాక్టరీకీ ఇంకో ఫ్యాక్టరీకీ నడుమ ఇంకా జొన్నచేలు కనిపించేవి. ఉప్పల్‌కు పోయే దారిలో ఒక పెద్ద బీడు ఉండేది. దానికి అటు రెండు, ఇటు రెండు వెదురుబొంగులు పాతి మైదానం అని పేరు పెట్టుకున్నాం. సాయంత్రం షిఫ్టు దిగిన ప్రతివాడూ అక్కడ ఫుట్‌బాల్ పండితుడే. (నేను బంతిని తన్నితే చెప్పు ఎగిరి ముందుకు పోయేది, బంతి ఉన్నచోటే ఉండేది. అయినా పాండిత్యానికి కాళ్ళతో పనేమిటి?) ఇప్పుడు తలచుకుంటే, ఆ వయసులో మాకున్న తెలివికి కాస్త పని ఎక్కువ ఉండి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

బాయిలర్ సెక్షన్‌లో మేము కనిపెట్టిన ఆట ఒకటుండేది. దాని పేరు ఖయాలీ టీమ్, అంటే ఊహల్లో ఉండే జట్టు. డిసెంబరులో ఫ్యాక్టరీల టోర్నమెంటు మొదలు కాగానే ఒక్కొక్కరం వేరువేరు జట్లలోంచి మనసుకు నచ్చిన ఫార్వర్డులను ఏరుకునేవాళ్ళం. క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ అందరి ముందూ పేర్లు గట్టిగా చెప్పాలి, చెప్పాక మార్చుకోవడం లేదు. మనవాడు గోల్ కొడితే మనకు ఒక పాయింటు. అదే తన జట్టు సగంలోంచి ఎవరో ఎత్తి కొట్టిన పొడుగాటి బంతిని అందుకుని, గోల్ ముందు కాపలా కాసే బ్యాకులను వెనక వదిలేసి ఉరికి కొడితే దాని పేరు 'లంబీ'. లంబీకి మూడు పాయింట్లు. లంబీ పడితే సెక్షన్ మొత్తం చిందులేసేది, మేస్త్రీ వచ్చి పారలు చేతికిచ్చేదాకా.

ఆ ఏడు పందెం ఊరికే చాయ్ కోసం కాదు. క్రిస్మస్ నాడు ఫ్యాక్టరీకి సెలవే గానీ బాయిలర్ పొయ్యికి సెలవు లేదు. అది ఆరితే మళ్ళీ రాజెయ్యడం మహా యాతన. కాబట్టి ఒకడు ఉండి బొగ్గు వెయ్యాలి. ఆ ఒకడు నేనో, నాతోపాటు పనిచేసే లంబువో కావాలి. (తాటిచెట్టంత మనిషి, తలుపు కనిపిస్తే అలవాటుగా వంగేవాడు.) లంబుకు కొత్తగా పెళ్ళయింది, ఆ సెలవు నాటికి దమ్మాయిగూడలో అత్తగారింట భోజనానికి పిలుపు వచ్చింది. నాకేమో ఆ ఉదయమే చర్చిలో మా అక్క మొదటి బిడ్డకు బాప్తిస్మం. మా ఇంట్లో బిడ్డను అయ్యగారి చేతికి అందించేది మేనమామే. నాలుగు నెలల పసివాణ్ణి జారకుండా ఎత్తుకోవడం కోసం నేను గోధుమపిండి సంచితో సాధన కూడా చేశాను. సంగతి విని మేస్త్రీ చేతులెత్తేశాడు. "మీరిద్దరే తేల్చుకోన్రి. నాకు పొయ్యి మండాలె, గంతే."

ఖయాలీ టీమ్‌తో తేల్చుకుందామన్నాం, ఓడినవాడు పొయ్యి దగ్గర ఉండాలి. ఫైనల్ వచ్చేసరికి లంబు నాకంటే రెండు పాయింట్లు ముందున్నాడు. కానీ వాడు ఏరుకున్నవాళ్ళ జట్లన్నీ ఓడి ఇళ్ళకు పోయాయి. నేను మొదట్లో ఒకణ్ణి తక్కువ ఏరుకున్నాను కాబట్టి, ఫైనల్లో ఆడేవాణ్ణి ఇంకొకణ్ణి ఏరుకునే హక్కు నాకు మిగిలింది. మామూలు గోల్ పడితే చాలదు, లంబీ పడాలి. అందరూ ఎవడు బాగా ఉరుకుతాడా అని చూస్తారు. నా సిద్ధాంతం అది కాదు. ఉరికేవాణ్ణి కాదు, వాడికి ఎదురుగా నిలబడేవాణ్ణి చూడాలి. ఏ బ్యాకు ఏ కాలు మీద తిరగలేడు, ఎవడు బంతిని చూస్తూ మనిషిని మరిచిపోతాడు అని నేను సాయంత్రాలు మైదానం గట్టు మీద కూర్చుని పరిశీలించేవాణ్ణి. ఫైనల్లో ఉన్న నలుగురు బ్యాకుల్లో ఎడమ మోకాలు పనికిరానివాడు ఒక్కడే దొరికాడు. అతను ముందుకు వస్తే కోటగోడే గానీ, ఎడమవైపు వెనక్కి తిరగాలంటే హబ్సిగూడ మూలమీద లారీ రివర్సు తీసినంత సేపు పట్టేది. ఆ మోకాలికి రాత్రిపూట ఆముదం రాసి వావిలాకు కట్టేది మా అక్క. ఆ బ్యాకు మా బావ.

రెండు రోజులు మింగలేక కక్కలేక తిరిగాను. మూడో రోజు క్యాంటీన్‌లో గ్లాసు కింద పెట్టి, బావకు ఎదురుగా కుడి అంచున ఆడే మిల్లు జట్టు రైటౌట్ పేరు చెప్పేశాను. అతణ్ణి అందరూ పతంగి అనేవారు, గాలిపటంలాగే గాలికి పోయేవాడు. లంబు నన్ను ఎగాదిగా చూసి "అరే, గది మీ బావ దిక్కు గదరా!" అన్నాడు. "అవును, తెలిసే చెప్పిన" అన్నాను ధీరుడిలాగా. ఆ ధైర్యం సాయంత్రం ఇంటికి పోయేదాకా ఉంది.

ఇంటికి కబురు నాకంటే ముందే చేరింది. అక్క కంచం ముందు పెట్టి అన్నం పెట్టడం మానేసింది. "బిడ్డను ఎత్తుకుంటందుకు బిడ్డ తండ్రి కాలు మీద పందెం కడ్తవా? నీ అసొంటి మేనమామ ఏ ఇంట్లన్న ఉంటడా?" అంది. బావ మాత్రం మోకాలికి కట్టు సర్దుకుంటూ నన్ను ఇష్టంగా చూశాడు. "మంచిగనే జూసినవ్ పో, బామ్మర్దీ. నేనైనా ఆ పతంగిగాన్నే వట్టుకుందు. గని నేనైతే వాన్ని ఇడువ, ముందే జెప్తున్న." ఆయన తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

ఫైనల్ నాడు మైదానం చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. అక్క బిడ్డను చంకనేసుకుని నాకు దూరంగా నిలబడింది. నేను కావాలనే బావ ఆడే ఎడమగీత పక్కన చోటు చూసుకున్నాను, లంబు నా పక్కనే. మొదటి సగంలోనే బావ జట్టు ఒక గోల్ కొట్టింది. నాకు అభ్యంతరం లేదు, నాకు కావలసింది కప్పు కాదు, ఒక్క లంబీ. ఒకసారి పొడుగు బంతి వచ్చింది గానీ పతంగి అందుకునేలోపు గీత దాటిపోయింది. ఇంకోసారి వచ్చింది, బావ ముందుకొచ్చి తలతో కొట్టేశాడు. దిగినప్పుడు ఎడమకాలు నేలకు ఆనించడానికి క్షణం తటపటాయించాడు. అది నాకు కనిపించింది, పతంగికి కూడా కనిపించింది. అప్పటినుంచి వాడు బావ భుజానికి అంగుళం దూరంలో గబ్బిలంలా వేలాడాడు. 'దేవా, ఒక్కటి' అని ప్రార్థించాను. మళ్ళీ సిగ్గేసి, 'బావకు దెబ్బ తగలకుండా ఒక్కటి' అని దిద్దుకున్నాను.

ఆట అయిపోవస్తోంది. రెఫరీ గడియారం చూసుకున్నాడు. అప్పుడు మిల్లు జట్టు వాడొకడు తన సగంలోంచి బంతిని ఆకాశంలోకి లేపాడు. అది మా వైపే వస్తోంది. బావ తలెత్తి బంతినే చూస్తున్నాడు. పతంగి అప్పటికే ఆయన ఎడమ పక్కనుంచి జారిపోయాడు, ఆయనకు తెలియదు. నేను ఇన్ని సాయంత్రాలూ గట్టు మీద కూర్చుని లెక్క కట్టింది సరిగ్గా ఇదే. ముందు ఖాళీ నేల, ఒంటరి గోలీ, మూడు పాయింట్లు, క్రిస్మస్ ఉదయం, నా చేతుల్లో బిడ్డ. ఇంకేముంది, నోరు మూసుకుని నిలబడితే చాలు.

"బావా! ఎడమకు! ఎడమకు తిరుగు!"

ఎవరో మైదానం అదిరిపోయేలా అరిచారు. ఎవరా అని నేను కూడా పక్కకు చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. బావ ఆ కేక మీదే గిర్రున తిరిగాడు, ఆ మోకాలి మీదే తిరిగాడు, పడిపోతూ కాలు చాపాడు. బంతి ఆయన బొటనవేలికి తగిలి పక్కగీత దాటి బయటికి పోయింది. విజిల్ మోగింది. జనం బావను భుజాల మీదికి ఎత్తుకున్నారు. లంబు నా భుజం పట్టుకుని ఊపాడు. "గెలుస్తుంటివి గదరా పిస్సోడా" అన్నాడు. ఇంకేదో అనబోతుంటే నేనే ఆపాను. "పందెం పందెమే. అత్తగారింటికి పో. మటన్ నా పేరు జెప్పుకొని తిను."

క్రిస్మస్ ఉదయం చర్చి గంటలు బాయిలర్ హోరులోంచి కూడా వినిపించాయి. బొగ్గు వేస్తూ, ఇప్పుడు పాట మొదలై ఉంటుంది, ఇప్పుడు అయ్యగారు నీళ్ళ గిన్నె దగ్గరికి వచ్చి ఉంటారు అని ఊహించుకున్నాను. ఎవరో దూరపు చుట్టం బిడ్డను అందించి ఉంటాడనుకున్నాను. ఏడుపు వచ్చింది, నిజం చెప్పాలంటే. పొగ అని మేస్త్రీకి అబద్ధం చెప్పే అవసరం కూడా లేకుండా ఒక్కణ్ణే ఉన్నాను.

పొద్దెక్కాక వాచ్‌మన్ వచ్చి గేటు దగ్గరికి రమ్మన్నాడు. బావ కర్ర ఊతంతో నిలబడి ఉన్నాడు. చర్చి నుంచి అంత దూరం ఆ కాలితోనే నడిచాడట. పక్కన పట్టుచీరలో అక్క, ఆమె చేతుల్లో తెల్లటి కొత్త గౌనులో బిడ్డ. నేను నా మసి చేతులు వెనక్కి దాచుకున్నాను. ఇంట్లో దుప్పటి మీద వేలిముద్ర పడితే రెండు రోజులు సాధించే మనిషి మా అక్క.

"చేతులు కడుక్కొస్త, జర ఆగు" అన్నాను.

"బిడ్డను ఎవలు అందియ్యలే. మేనమామ డ్యూటీల ఉన్నడని జెప్తే అయ్యగారే నా ఒళ్ళకెల్లి తీస్కున్నరు. కడుక్కునేదేం లేదు, పట్టు." అక్క బిడ్డను నా చేతుల్లో పెట్టేసింది. "మసి అంటితే అంటనియ్యి."

అంటింది. వాడి వీపు మీద నా పది వేళ్ళూ అచ్చుగుద్దినట్టు పడ్డాయి. వాడు నా ముఖం చూసి దడుసుకోలేదు, ముక్కు పట్టుకుని లాగాడు. గోధుమపిండి సంచి ఎప్పుడూ అలా చెయ్యలేదు.

ఇప్పుడు ఆ మైదానం ఎక్కడుండేదో చూపించమంటే నాలుగు అపార్టుమెంట్ల వైపు వేలు చూపించాలి. ఆ పసివాడికి జుట్టు నెరిసింది, నా సిద్ధాంతం విని ఇప్పటికీ నవ్వుతాడు. నేను మాత్రం దాన్ని వదులుకోలేదు. నా లెక్క అక్షరాలా సరైనదే. బ్యాకును సరిగ్గా ఎంచాను, రైటౌట్‌ను సరిగ్గా ఎంచాను, బంతి కూడా నేను చెప్పిన చోటికే వచ్చింది. గట్టు మీద అంతకాలం కూర్చున్న ఆ కుర్ర పండితుడు లెక్కలో వేసుకోనిది తన నోరొక్కటే.