ఫరహత్ ఇంట కణం పోయిన రోజు

ఫరహత్ ప్రతి పొద్దునా ఫజర్ నమాజు కాగానే జానమాజు చాప మడిచిపెట్టి, పొయ్యి ముట్టించకముందే ఫోన్ తెరిచేది. రాత్రికి రాత్రి లోకంలో ఎవరెవరు ఏయే లెక్కలు తేల్చారో చూసుకునేది. భూపాలపల్లి డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతూనే ఆమె కృష్ణపదార్థం, అంటే డార్క్ మ్యాటర్ మీద పరిశోధన చేస్తున్నది. కంటికి కనబడకుండా, వెలుగివ్వకుండా, తన బరువుతో మాత్రం నక్షత్రాల గుంపులను కట్టిపడేసే సరుకు అది. దాని కణం మన మామూలు పదార్థాన్ని ఎప్పుడైనా తాకుతుందా, తాకితే ఎట్లా తాకుతుంది? దానికే ఆరేళ్లుగా ఆమె ఒక నమూనా కడుతున్నది.

పక్కింటి రూతక్క వాకిలి ఊడుస్తూ గోడ మీదుగా రోజూ అడిగేది.

“మీ కణం మంచిగున్నదా చెల్లె?”

“మంచిగనే ఉన్నదక్కా. ఇంకా ఎవ్వల్ని ముట్టుకోలే.”

“మర్యాదస్తురాలు!” అని రూతక్క మెచ్చుకునేది. వాళ్లు ప్రార్థన చేసే తీరు వేరైనా, ఆ గోడ మీదుగా కూరగిన్నెలు అటూ ఇటూ తిరగని రోజు లేదు.

ఒక శుక్రవారం పొద్దున ఫోన్‌లో కబురు వచ్చింది. ఎక్కడో దూరదేశంలో, భూమి అడుగున, పెద్ద తొట్టినిండా ద్రవరూపంలో జెనాన్ నింపి ఏళ్లకేళ్లు కాపలా కాస్తున్నారు. కృష్ణపదార్థపు కణం వచ్చి జెనాన్ కేంద్రకాన్ని గుద్దితే చిన్న మెరుపు మెరవాలి. ఫరహత్ లెక్క ప్రకారం ఈపాటికి ఆ మెరుపులు కనబడాలి. ఒక్కటీ కనబడలేదట.

కాసేపటికే హన్మకొండ నుంచి గైడ్ ఫోన్. “సోమవారం పొద్దున్నకు కొత్త దారేదైనా చూపించమ్మా. గడువు అయిపోయింది. లేకుంటే పీహెచ్‌డీ ఇక్కడికి ఆపెయ్యవలసిందే.”

ఫరహత్ గడప మీద కూలబడింది. చీపురు చేతబట్టుకొని రూతక్క ఎప్పటిలాగే పలకరించింది.

“కణం పోయిందక్కా,” అన్నది ఫరహత్.

రూతక్క చీపురు గోడకు ఆనించింది. మారు ప్రశ్న వేయకుండా ఇంట్లోకి వెళ్లిపోయింది.

గంట తర్వాత టిఫిన్ డబ్బా పట్టుకొని వచ్చింది. వెనకాలే ఆమె పెనిమిటి పోశాలు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. చిట్యాల బస్సు ఎక్కవలసినవాడు, ఆ ప్రయాణం మానుకొని, రుమాలు చేతిలోకి తీసుకొని, ముఖం వేలాడేసుకొని స్టూలు మీద కూర్చున్నాడు.

“ఏం జేస్తం చెల్లె, దేవుని ఇష్టం. వయసెంత?”

“ఆరేండ్లన్నా.”

“అయ్యో, పసిది! మట్టి ఎప్పుడు?”

రూతక్క మోచేత్తో పొడిచింది. “మనిషి కాదయ్యా, కణం! నేను చెప్తనే ఉన్న, నువ్వే రుమాలు దులుపుకుంట ముందట వడ్డవ్.”

పోశాలు రుమాలు భుజాన వేసుకున్నాడు. కానీ పరామర్శకని వచ్చి సగంలో లేచిపోవడం మర్యాద కాదాయె.

“కణమైతేంది, ఇంట్ల పొయ్యి ముట్టలే గద. ఏడ పోయిందట?”

“భూమి లోపలన్నా. పైన ఆకాశం నుంచి పడే రేణువుల లొల్లి ఎక్కువ. అందుకే కిందికి పోయి చూస్తరు.”

“బాయిలనా! నన్నడగకపోయినవ్. ఇన్నేండ్లు బాయిల దిగిన, ఎలుకలు తప్ప నన్ను ఎవ్వలు ముట్టుకోలే.”

పొద్దటి నుంచి మొదటిసారి ఫరహత్ నవ్వింది. రూతక్క అదను చూసి డబ్బా విప్పింది. అన్నం, పప్పుచారు, ఉల్లిగడ్డ, ఉడుకుడుకు శనగ గుడాలు.

“తినుకుంట చెప్పు. ఇంగ అది లేనే లేదా?”

“నేను అనుకున్నంత బరువుది లేదక్కా. తేలికది ఉంటే ఉండొచ్చు.”

“ఉంటే ఆ తొట్టిల ఎందుకు దొరకలే?”

ఫరహత్ డబ్బా మూతలో ఉల్లిగడ్డ పెట్టింది. ఒక గుడాన్ని వేలితో మీటి దాని మీదికి కొట్టింది. ఉల్లిగడ్డ మెదలలేదు.

“గిది కేంద్రకం. తేలికది గుద్దితే దీనికి తెల్వనే తెల్వది.” ఉల్లిగడ్డ తీసి ఇంకో గుడాన్ని పెట్టి మళ్లీ మీటింది. ఈసారి అది టక్కున ఎగిరి పోశాలు స్టూలు కిందికి దొర్లింది. “గిది ఎలక్ట్రాన్. తేలికది గుద్దినా కదులుతది.”

“నన్నయితే ఇది గూడ ముట్టలే,” అన్నాడు పోశాలు కాళ్లు పైకెత్తి.

“తిండితోని ఆటలేంది?” అని రూతక్క వంగి గుడాన్ని ఏరింది.

ఫరహత్ మూత వైపే చూస్తున్నది. ఎలక్ట్రాన్‌ను తాకే లెక్క ఆమె మొదలుపెట్టి, మరీ పొడుగని సగంలో వదిలేసిందే. దాన్ని పూర్తి చేస్తే గైడ్‌కు చూపించడానికి ఒక దారి ఉన్నట్టే. చేతిలో ఉన్నది మాత్రం ఇవాళ, రేపు, ఎల్లుండి.

గబగబా నాలుగు ముద్దలు తిని, చేయి కడుక్కొని, కాగితాలు ముందర వేసుకున్నది. డబ్బా సర్దుకొని గడప దాటబోతున్న రూతక్కను కొంచెం సిగ్గుపడుతూనే పిలిచింది.

“అక్కా, జర ఒక మాట. మా ఇండ్లల్ల ఎవలన్న పోతే మూడొద్దులు పొయ్యి ముట్టియ్యరు గద. సోమవారం దాక నేను లెక్క మీదికెల్లి లేవ. అందాక మీ ఇంట్ల నుంచే ఇంత బువ్వ పంపుతవా?”