పాదం మీద ఇంకు గుర్తు

వీధి వీధంతా ఆయన్ని గంజి బాబాయ్ అంటుంది. నలభై ఏళ్లుగా మెట్ల కింద కొట్లో ఇస్త్రీ చేస్తున్నాడు. బట్టలే కాదు, మనిషీ గంజి పెట్టినట్టే ఉంటాడు. మూట ఇస్తే "రేపు", తీసుకెళ్తే "సరే". రోజు మొత్తానికి ఆయన మాటలు అంతే. కొట్టు వెనక గదిలో ఒక మంచం, ఒక కుర్చీ. రెండో కుర్చీ అవసరం ఎప్పుడూ రాలేదు.

ఈమధ్య నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసేది. పాదం నల్లబడ్డాక గానీ ఆసుపత్రికి వెళ్లలేదు. కాలికి రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోయిందన్నారు. తొడలోంచి సిర తీసి, మూసుకున్నచోటు పక్కనుంచి కొత్త దారి కుట్టారు.

ఇంటికి పంపేటప్పుడు నర్సు పాదం మీద పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టింది.

"రోజూ పొద్దున్నే ఇక్కడ వేలు పెట్టి చూడు బాబాయ్. నాడి కొట్టుకుంటే దారి తెరిచి ఉన్నట్టు. లేకపోతే ఆ పూటే పరిగెత్తుకు రా. ఆలస్యమైతే కాలు తీసేయాల్సి వస్తుంది."

బట్టలకు గుర్తులేసే ఇంకుతో దాన్ని రోజూ దిద్దుకున్నాడు. కానీ తడి వేళ్లతో పెట్టె వేడి చూసీ చూసీ ఆయన వేలికొసలు ఏనాడో మొద్దుబారాయి. ఏమీ తెలియలేదు. బొటనవేలు ఆనించాడు. టక్, టక్, టక్. ప్రాణం లేచొచ్చింది. అప్పట్నుంచీ పొద్దున్నే మంచం మీద కూర్చుని, అక్కర్లేనంతసేపు అలా వేలానించి ఉండిపోయేవాడు. ఆ గదిలో ఆయన్ని పలకరించేది అదొక్కటే.

మూడు వారాల తర్వాత పరీక్షకు వెళ్తే, పాదం పట్టుకోగానే నర్సు ముఖం మారిపోయింది.

"ఇంత చల్లగా ఉందేంటి? నాడి అందట్లేదు!"

"ఉందమ్మా. ఇవాళ పొద్దున కూడా చూశాను."

"ఏ వేలితో?"

బొటనవేలు చూపించాడు.

"అయ్యో బాబాయ్! దాని నాడి దానికుంటుంది. ఇన్నాళ్లూ నువ్వు చూసింది నీ వేలినే."

ఆయన ఆ వేలిని గుప్పిట్లో దాచుకున్నాడు.

అప్పటికప్పుడు లోపలికి తీసుకెళ్లి, అడ్డంపడ్డ రక్తపు గడ్డ తీశారు. కాలు దక్కింది, చిటికెనవేలు పోయింది.

"ఈసారి వేరేవాళ్లు చూడాలి. ఇంట్లో ఎవరున్నారు?" అంది నర్సు.

"ఇస్త్రీ పెట్టె."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున ముగ్గురొచ్చి, ఆసుపత్రికి వెళ్లకముందు ఇస్త్రీ చేసి ఉంచిన బట్టలు తీసుకెళ్లారు. ముగ్గురికీ "సరే" అన్నాడు. నా పాదం పట్టుకు చూడండని ఎవర్నైనా ఎలా అడుగుతాడు? నాలుగో మనిషి పైవాటా కండక్టరమ్మ. పన్నెండేళ్లుగా వారానికోసారి ఆరు జతల యూనిఫాం తీసుకెళ్తుంది.

"అమ్మా, ఒక్క నిమిషం..."

"అబ్బో, మీకు మాటలొచ్చా బాబాయ్!"

ఆయన తడబడుతూ చెప్పింది విన్నాక నవ్వు ఆపేసింది. టికెట్ల సంచి పక్కన పెట్టి, కింద కూర్చుని, ఇంకు గుర్తు మీద రెండు వేళ్లు ఆనించింది. ఆయన ఊపిరి బిగబట్టాడు.

"కదలకండి... ఆ, ఉంది! గతుకుల్లో బస్సులా కొట్టుకుంటోంది."

లేచి చెయ్యి చాపింది. "నా ఆరు జతలూ అయ్యాయా?"

ఆయన ఒక్క జత తీసిచ్చాడు.

"ఒకటే అయిందమ్మా. మిగతావి రోజుకొకటి ఇస్తాను."

అరలో మడతపెట్టి ఉన్న ఐదు జతల వైపు ఆమె ఓసారి చూసింది.

"సరే," అంది.