ఊపితే పట్టిన అర లీటరు

ఇంత చిన్న సంగతి ఎందుకులే అని రాయకుండానే ఊరుకోబోయాను. కానీ ఉక్రోషం ఆగలేదు.

మా చిన్న కారు పెట్రోలు తెగ తాగుతోంది, అమ్మేద్దామని మా అల్లుడి పట్టు. షోరూంలో లీటరుకు ఇరవై రెండు కిలోమీటర్లు అన్న మాట నిజమే. ఆ ఇరవై రెండు ఆబిడ్స్ సిగ్నల్ దగ్గర ఒక్కసారైనా నిలబడిందా అని నా ప్రశ్న. చివరికి పందెం వేసుకున్నాం: పద్నాలుగు కంటే తక్కువ వస్తే కారు అమ్మాలి.

పొద్దున నాంపల్లిలో ఒక పంపులో ఫుల్ ట్యాంకు చేయించి, ఆబిడ్స్, చాదర్‌ఘాట్, లక్డీకాపూల్ తిరిగి, ముప్పై కిలోమీటర్లకు అదే పంపుకు వచ్చాం. మళ్ళీ ఫుల్ చేయిస్తే రెండు లీటర్లకు పైపు టక్కున ఆగింది. అంటే పదిహేను! అంతలో అల్లుడు దిగి, కారును వెనక నుంచి పట్టుకుని ఊపాడు. స్కూటర్‌ను పక్కకు వంచి స్టార్ట్ చేసిన తరం మాది, ఊపడం నాకు కొత్త కాదు. ఇంకో అర లీటరు పట్టింది.

“పన్నెండే మామా. ఇగ అమ్ముడే!”

“ఏంది అల్లుడా, పొద్దుగాల ఊపినవా? గిట్ల ఊపితే నా కడుపుల గూడ ఇంకో ప్లేటు ఇడ్లీ పడ్తది!”

పెట్రోలు పోసే ఆవిడ నవ్వేసింది. “పెద్దాయన చెప్పింది నిజమే సార్. పొద్దుగాల కట్ అయినంక నేనే మూత పెట్టిన. ఎవ్వరు ఊపలే.”

మీలో ఎంతమంది ఫుల్ ట్యాంకు కోసం బండిని ఊపుతారో నిజం చెప్పండి.

సాయంత్రం కారు చూడడానికి, అల్లుడు ముందే రమ్మన్న ఒకాయన బేగం బజార్ నుంచి వచ్చాడు. మా అల్లుడే ఆయనకు చాయ్ ఇచ్చి, అమ్మడం లేదని చెప్పి పంపించాడు.